అనసూయ టీచర్ బస్సెక్కిందా?

ఆ సోమవారం ఉదయం మహబూబ్ సుభాని వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఏడున్నరకి ఇడ్లీ తినాలి. ఎనిమిదింటికి తెనాలిలో పంచాల్సిన డిస్కుల సంచీ కొడుకు అమ్జద్ బండి మీద పెట్టి పంపాలి. తొమ్మిదింటికి తను రైలెక్కి బాపట్ల వెళ్లి అక్కడివాళ్లకి ఇచ్చి రావాలి. మర్నాడు రేపల్లె. బుధవారం నుంచి దుకాణంలో కూర్చుని పొగడ్తలు వినాలి. మొదటి నాలుగూ అనుకున్నట్టే జరిగాయి. అయిదోది కూడా జరిగింది. చిక్కంతా దానితోనే వచ్చింది.

తెనాలి మార్కెట్ వెనక సందులో 'సాబిరా వీడియో' అనే దుకాణం సుభానిది. భార్య పేరు పెట్టుకున్నాడు. ఇప్పుడు అందులో ముప్పాతిక భాగం అమ్జద్ సెల్‌ఫోన్ల రిపేరుకి పోయింది. మిగిలిన పాతికలో పాత క్యాసెట్లు, రెండు టీవీలు, అరవై రెండేళ్ల సుభాని ఉంటారు. ఊళ్లో వీధికో వీడియో లైబ్రరీ ఉన్న రోజుల్లో మిగతాచోట్ల క్యాసెట్ తెచ్చుకుంటే సరిగ్గా క్లైమాక్సు దగ్గర గీతలు పడేవి. సుభాని దగ్గర తెచ్చుకున్నది మాత్రం శుభం కార్డు దాకా ఆడేది. 'సుభాని క్యాసెట్ చివరిదాకా ఉంటుంది' అని జనం అనేవారు. జీవితంలో ఆయన సంపాదించిన ఆస్తి ఏమిటని అడిగితే ఆ ఒక్క మాటే చూపించేవాడు. నిజానికి చూపించడానికి ఇంకోటి లేదు కూడా.

ఆ మాట నిలబెట్టే పని ఒకటి ముప్పై అయిదేళ్లుగా బాకీ ఉండిపోయింది. దాని పేరు 'నల్లమడ వంతెన'.

అది పదమూడు భాగాల టీవీ సీరియల్. బాపట్ల వెంకటరత్నం గారు తీశారు. రేపల్లె వసుంధర అందులో అనసూయ టీచర్. వంతెన అవతలి పల్లెలో ఒంటరిగా బడి నడుపుతూ ఉంటుంది. పట్నం నుంచి ఒకాయన ఉత్తరం రాస్తాడు: బుధవారం బస్సుకి వస్తే పెళ్లి, రాకపోతే ఇక రాయను. ఆమె వెళితే బడి మూతపడుతుంది. పన్నెండో భాగం చివర అనసూయ టీచర్ ట్రంకు పెట్టెతో వంతెన మీద నిలబడుతుంది, దూరాన బస్సు దుమ్ము లేస్తుంది. మిగతాది వచ్చే బుధవారం.

వచ్చే బుధవారం తుఫాను వచ్చింది. రేపల్లె నుంచి బాపట్ల దాకా నిటారుగా నిలబడ్డ కరెంటు స్తంభం లేదు. సహాయానికి హైదరాబాదు నుంచి లారీ వేసుకొచ్చిన వాళ్లని పట్టుకుని, బియ్యం సంగతి తర్వాత, ముందు "బస్సెక్కిందా?" అని అడిగిన ఆడవాళ్లు ఉన్నారు. ఒకడు ఎక్కిందన్నాడు. ఒకడు ఎక్కలేదన్నాడు. ఒకడు బస్సే రాలేదన్నాడు. సొంత జిల్లావాళ్లే చూడలేకపోయారని వెంకటరత్నం గారు నొచ్చుకుని, తన దగ్గరున్న పదమూడో భాగం క్యాసెట్ సుభానికి పంపించారు, కరెంటు వచ్చాక అందరికీ వేసి చూపించమని. పది రోజులు ఆ క్యాసెట్ సుభాని ఇంట్లోనే ఉంది. పది రోజులూ కరెంటు రాలేదు. పదకొండో రోజున వెంకటరత్నం గారు హైదరాబాదు మకాం మారుస్తూ దాన్ని వెనక్కి తెప్పించుకున్నారు. అప్పటికి కొత్త పెళ్లికూతురైన సాబిరా, "చేతిలో పట్టుకుని కూడా చూడలేకపోయా," అని బాధపడింది. ముప్పై అయిదేళ్ల తర్వాత కూడా ఆ మాట అంటూనే ఉంది.

కిందటేడు వెంకటరత్నం గారి కొడుకు మోహనకృష్ణ బాపట్లలో లెక్చరర్‌గా చేరాడు. తండ్రి పోయాక మిగిలిన ట్రంకు పెట్టె తనతో తెచ్చుకున్నాడు. అందులో పదమూడు క్యాసెట్లూ ఉన్నాయి. సుభాని వెళ్లి, కూర్చుని, మూడు కాఫీలు తాగి, డిస్కులుగా విడుదల చేసుకోమని సంతకం పెట్టించుకుని వచ్చాడు.

"ఈ రోజుల్లో డిస్కులేంటి అబ్బా? వేసుకోడానికి ఎవరింట్లో ప్లేయరుంది?" అన్నాడు అమ్జద్.

"అటక మీద ఉంటాయిరా. దింపుకుంటారు," అన్నాడు సుభాని.

దింపుకున్నారు. మూడొందల డిస్కుల సెట్లు ముందే చెప్పుకున్నారు. సెట్టుకి వేసిన అట్ట మీద సుభాని దగ్గరుండి రాయించిన మాటలు: 'పదమూడు భాగాలు. చివరిదాకా.'

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పదమూడో భాగాన్ని సుభాని చూడలేదు. పన్నెండు భాగాలు వరసగా మళ్లీ చూసి, అప్పుడు పదమూడోది ఇద్దరూ కలిసి చూడాలని సాబిరా షరతు పెట్టింది. రోజుకొకటే చూస్తుంది, రెండు చూడదు. ముప్పై అయిదేళ్లు ఆగినదానికి ఇంకో వారం లెక్కా అంటుంది. భార్యకంటే ముందు ముగింపు తెలుసుకోవడం సుభానికి దొంగతనంలా అనిపించింది. అందుకని క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు తెరకి వీపు పెట్టి కూర్చున్నాడు. పరీక్ష మాత్రం మానలేదు. లైబ్రరీ రోజుల్లో తిరిగొచ్చిన క్యాసెట్‌కి తల, తోక చూసి అరలో పెట్టేయడం ఆయన పద్ధతి. ఇప్పుడూ అంతే చేశాడు. తల చూశాడు: సీరియల్ పేరు పడింది. తోక చూశాడు: పాట వస్తూ నటుల పేర్లు పడుతున్నాయి. శుభ్రంగా ఉంది. సరే అనుకున్నాడు. మధ్యలో ఏముంటుంది, కథ తప్ప?

బుధవారం పొద్దున్నే మొదటి ఫోను బాపట్ల నుంచి వచ్చింది. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు.

"సుభాని గారూ! ఏం ముగింపండీ! మాటొకటి లేదు. డైలాగొకటి లేదు. బస్సు తలుపు తెరుచుకోగానే..."

"చెప్పొద్దండి, చెప్పొద్దు! మేమింకా తొమ్మిదో భాగంలో ఉన్నాం," అన్నాడు సుభాని చెవి దగ్గర నుంచి ఫోను దూరంగా పెట్టి.

"చెప్పను. కానీ ఆ కాలంలో అలా తీయాలంటే ఎంత గుండె ఉండాలండి! నేను వ్యాసం రాస్తున్నా."

తర్వాత కాకుమాను నుంచి ఒకావిడ చేసింది. ఏడ్చాననీ, ఎందుకేడ్చానో తెలియలేదనీ చెప్పింది. సుభాని ఆవిడనీ మధ్యలోనే ఆపేశాడు. డిస్కులు కొన్నవాళ్లందరితో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో సుభాని ఒక హెచ్చరిక పెట్టాడు: ముగింపు బయటపెట్టినవాళ్లని గ్రూపులోంచి తీసేస్తాను. పెట్టిన అరగంటలో ఒకడు 'ఈ పెళ్లికొడుకు ఎవరండీ?' అని రాశాడు. సుభాని కళ్లు సగం మూసుకునే వాణ్ని తీసేశాడు. 'సన్నాయి మరీ ఎక్కువైంది' అన్నవాణ్ని కూడా తీసేశాడు. 'ఇది మా సంగం జాగర్లమూడి పందిరిలా ఉందే' అన్నావిణ్ని తీసేసేటప్పుడు మాత్రం కాస్త బాధపడ్డాడు, ఆవిడ మూడు సెట్లు కొన్నది. చెప్పాలని చూసినవాళ్లని చూసినట్టు బయటికి పంపేస్తే గ్రూపులో మిగిలేది పొగిడేవాళ్లే. ఆ సాయంత్రానికి సుభాని ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

గురువారం రేపల్లె నుంచి వసుంధర గారు చేశారు. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, దాన్ని మూసేసి, ఒంటరిగానే ఉంటున్నారు.

"ఏంటయ్యా సుభానీ, నా పెళ్లి నాక్కూడా చెప్పకుండా చేసేశావు?"

"అమ్మా, ముగింపు చెప్పొద్దమ్మా, మా ఆవిడింకా..."

"చెప్పొద్దేంటయ్యా! డెబ్బై నాలుగేళ్లొచ్చాయి, ఇన్నాళ్లూ ఎవరికీ తల వంచలేదు. ఎవడో మీసాలాయన నా నెత్తిన జీలకర్ర బెల్లం పెడుతుంటే చెప్పొద్దంటావా? పొద్దుటి నుంచి వీధిలో నలుగురు వచ్చి శుభాకాంక్షలు చెప్పి వెళ్లారు. ముందు నువ్వు చూసి, తర్వాత నాతో మాట్లాడు."

సాబిరా పదో భాగం దగ్గర ఉంది. అయినా ఆ మధ్యాహ్నమే ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. పదమూడో భాగం మొదలైంది. వంతెన, ట్రంకు పెట్టె, అనసూయ టీచర్. దూరం నుంచి బస్సు వచ్చింది, ఆగింది, తలుపు తెరుచుకుంది. కండక్టర్ "ఎక్కుతారా అమ్మా?" అన్నాడు. అనసూయ టీచర్ కాలెత్తింది. సాబిరా సుభాని చెయ్యి పట్టుకుంది.

తెర మీద నాలుగు తెల్ల గీతలు పరుగెత్తాయి. సన్నాయి మోగింది. పట్టు చీర కట్టుకుని, తల వంచుకుని ఒక పెళ్లికూతురు. ఆమె ముందు అడ్డుతెర. తెర అవతల గుబురు మీసాల పెళ్లికొడుకు. పద్నాలుగు నిమిషాల పాటు అక్షింతలు, తలంబ్రాలు, మేనమామలు, భగ్గున వెలిగే లైటు, దాని ముందు కళ్లు చికిలించుకునే చుట్టాలు. తర్వాత మళ్లీ నాలుగు గీతలు, పాట, నటుల పేర్లు.

సాబిరా చెయ్యి వదిలేసింది. "బస్సెక్కిందా, లేదా?" అని మాత్రం అడిగింది. కోప్పడి ఉంటే బాగుండేదని సుభానికి అనిపించింది. తిట్లు పడితే తుడుచుకోవచ్చు. ఇది అలాంటిది కాదు.

మోహనకృష్ణ దగ్గర నుంచి తెచ్చిన క్యాసెట్ తీసి వెనక్కి తిప్పి చూశాడు. క్యాసెట్ వెనక అంచున ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద ఇంకేమీ రికార్డు కాదు. భద్రంగా దాచుకోవాల్సిన వాటికి అలా విరిచిపెడతారు. వెంకటరత్నం గారు విరిచారు. ఎవడో ఆ రంధ్రం మీద సెల్లో టేపు అంటించి మరీ, పైన పెళ్లి తీశాడు. పొరపాటున జరిగిన పని కాదు. వృత్తి తెలిసినవాడి పని.

సుభానికి ఒళ్లు మండింది. శుక్రవారం తెల్లారి మొదటి రైలుకే బాపట్ల వెళ్లి మోహనకృష్ణ ఇంటి వరండాలో నిలబడి అరిచాడు.

"కన్నతండ్రి చేతిపని అండీ అది! దాని మీద ఎవరి పెళ్లో తీయించారా? మీకు మనసెలా ఒప్పిందండి?"

మోహనకృష్ణ నెమ్మదస్తుడు. "మా ఇంట్లో ఎప్పుడూ వీడియో కెమెరా లేదండి," అన్నాడు. "నాన్నగారు ఆ పెట్టెకి తాళం వేసి పెట్టుకున్నారండి. తీసింది మళ్లీ చూసుకుంటే తప్పులే కనపడతాయని ఆయన కూడా తెరిచేవారు కాదు."

"మరి ఈ పెళ్లి ఆకాశంలోంచి ఊడిపడిందా?"

"ఏమోనండి. నాకప్పుడు పదేళ్లండి."

సుభాని తగ్గలేదు. చుట్టుపక్కల వాళ్లు గుమిగూడితే ఇంకాస్త పెంచాడు. "ఈ పని చేసినవాడు దొరకాలి. రేపల్లె నుంచి తెనాలి దాకా రైలు పట్టాల వెంట నడిపిస్తాను వాణ్ని," అని శపథం చేశాడు. రైల్లో కూర్చుని అదే మాట గ్రూపులో కూడా పెట్టాడు, తీసేసినవాళ్లందరినీ మళ్లీ చేర్చి మరీ. ఆదివారం పొద్దున తెనాలిలో అందరం కలుద్దామనీ, నేరస్థుణ్ని అక్కడే తేలుస్తాననీ రాశాడు. ఆ రోజు సాయంత్రానికి మోహనకృష్ణ దగ్గర చదువుకునే పిల్లలు "సార్, మీ పెళ్లి వీడియో బాగుందంట సార్" అని అడగడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరు గారు వ్యాసం ఆపి, 'తండ్రి సొత్తు - కొడుకుల బాధ్యత' అనే ఇంకో వ్యాసం మొదలుపెట్టారు.

శనివారం పదకొండింటికి దుకాణం ముందు ఆటో ఆగింది. పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు, వెనకే ఆయన భార్య దిగారు. ఆయన మీసాలు నెరిశాయి గానీ గుబురు తగ్గలేదు. ఆ మీసాలు చూడగానే సుభాని స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"సుభాని గారంటే మీరేనాండి? నా పేరు హనుమయ్య. మాది అంగలకుదురు. ఈవిడ మా ఇంటావిడ, కోటేశ్వరమ్మ. మా మనవరాలు లిఖిత ఫోన్లో ఒక ముక్క చూపించిందండి. అందులో పెళ్లికొడుకుని నేనే."

"కూర్చోండి," అన్నాడు సుభాని. కొట్టడానికి వచ్చినవాళ్లు ఇంత నెమ్మదిగా పరిచయం చేసుకోరని కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నానండి. నేను సీరియల్లో వేశాననీ, హీరోయిన్‌ని చేసుకుని వదిలేశాననీ..." హనుమయ్య ఇంకా చెప్పబోయాడు.

"నువ్వాగవయ్యా," అంది కోటేశ్వరమ్మ. "అన్నయ్యా, ఆ ముక్క పెద్ద టీవీలో వేస్తారా? చిన్న ఫోన్లో నాకు సరిగా ఆనలేదు."

అమ్జద్ డిస్కు పెట్టాడు. బస్సు వచ్చింది, కాలు లేచింది, గీతలు పడ్డాయి. కోటేశ్వరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. తలంబ్రాలు అయ్యాక పందిరి గుంజని ఆనుకుని నిలబడ్డ ఒక నడివయసు ఆవిడ కనిపించింది. చేతిలో గంధం గిన్నె. ఎవరో పక్కనుంచి ఏదో అన్నారు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకోబోయి, ఆగి, పూర్తిగా నవ్వేసింది.

"మా అమ్మ," అంది కోటేశ్వరమ్మ.

హనుమయ్య తల దించుకున్నాడు. ఆవిడ తెర మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పింది. "ఆ ఏడు కార్తీకంలోనే పోయిందన్నయ్యా. ఇంట్లో ఒక్క ఫొటో ఉంది. అందులో కోపంగా ఉంటుంది, ఎవరి మీదో తెలీదు. పిల్లలు నవ్వని అమ్మమ్మ అంటారు. నవ్వేదని నేను చెబితే నమ్మరు."

అమ్జద్ వెనక్కి తిప్పి ఆ నవ్వు మళ్లీ వేశాడు. ఆవిడ అడక్కుండానే మూడోసారి కూడా వేశాడు. డిస్కు అమ్మేవాడిగా సుభాని ఎన్నో మొహాలు చూశాడు. కానీ పోయిన మనిషి కదలడం చూస్తున్న మొహాన్ని చూడటం ఆయనకి అదే మొదటిసారి. మూడు రోజులుగా తను తిడుతున్న ఆ పద్నాలుగు నిమిషాలు ఈవిడకి ఏమిటో తెలిసి సిగ్గుపడ్డాడు.

తెర మీద పెళ్లి ముందుకు సాగింది. వీడియో తీసినవాడు పెళ్లికూతురికి ఇచ్చిన సారె సామాను వరసగా చూపిస్తున్నాడు. మంచం, బిందెలు, అద్దం తలుపున్న స్టీలు బీరువా.

"ఇదిగో," అంది కోటేశ్వరమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఈ కుర్రాడే. టేపు వానలో తడిసిపోయిందని చెప్పింది ఇతనే. పాపం, మా ఆయన వారం రోజులు తిరిగాడు ఇతని చుట్టూ."

బీరువా అద్దంలో, భుజం మీద పెద్ద కెమెరాతో, సన్నగా, గళ్ల చొక్కా వేసుకుని, నూనూగు గడ్డంతో ఒక కుర్రాడు అయిదారు క్షణాలు నిలబడి ఉన్నాడు. తన ప్రతిబింబం పడుతున్న సంగతి గమనించి కెమెరా పక్కకి తిప్పేశాడు.

హనుమయ్య, కోటేశ్వరమ్మ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టే ఆధారం ఒక్కటి కూడా సుభాని మొహంలో మిగల్లేదు. జుట్టు పోయింది, పొట్ట వచ్చింది, గడ్డం తెల్లబడింది. అమ్జద్ మాత్రం తండ్రి వంక చూశాడు. ఆ గళ్ల చొక్కా ఇంట్లో గోడ మీద ఫొటోలో ఉంది.

వాళ్లిద్దరూ రేపు సమావేశానికి వస్తామని చెప్పి వెళ్లాక, సుభాని స్టూలు మీద కూర్చున్నాడు. అంతా గుర్తొచ్చింది. దుకాణంలోకి మోకాలి లోతు నీళ్లు. కొత్త క్యాసెట్ల పెట్టె మొత్తం తడిసి ముద్దయింది. సంగం జాగర్లమూడిలో పెళ్లి. ముహూర్తం ఆగదు, జనరేటర్ తెప్పించారు. కెమెరా బ్యాటరీలో పావుగంట ఛార్జింగు మిగిలి ఉంది. ఇంట్లో లాంతరు వెలుగులో అటక మీద చెయ్యి పెడితే పొడి క్యాసెట్ ఒకటి తగిలింది. కెమెరా దాన్ని తీసుకోలేదు. సెల్లో టేపు అంటించాడు, తీసుకుంది. వెనక్కి చుట్టే తీరిక లేక, క్యాసెట్ ఎక్కడ ఆగి ఉంటే అక్కడి నుంచే తీశాడు. పెళ్లి నుంచి వచ్చి ఖాళీగా కనపడ్డ డబ్బాలో పడేశాడు. ఆ డబ్బా వెంకటరత్నం గారిది. తర్వాత పెళ్లి క్యాసెట్ కోసం ఇల్లంతా వెతికి, దొరక్క, తడిసిపోయిందని చెప్పాడు. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అంటే ఏం చెప్పాలి? విరిచిన ముక్క అంటే ముట్టుకోవద్దని అర్థం. అది ఆయనకి తెలుసు. అయితే లాంతరు వెలుగులో మనిషి చూడదలచుకోనివి కనపడవు.

"ఊరుకోండి అబ్బా," అన్నాడు అమ్జద్. "ఎవరికీ తెలీదు. ఆ వెంకటరత్నం గారు ఎటూ లేరు. ఆయన వాళ్లెవరో చేశారనుకుంటారు జనం."

"మోహనకృష్ణ ఉన్నాడు కదరా."

"ఆయనేమీ అనడు."

"అదేరా ఇబ్బంది," అన్నాడు సుభాని.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పక్క వీధిలోని చిన్న హాలు నిండిపోయింది. బాపట్ల నుంచి హెడ్మాస్టరు గారు రెండు వ్యాసాలతో వచ్చారు. రేపల్లె బండి దిగి వసుంధర గారు గొడుగు ఊపుకుంటూ వచ్చారు. మోహనకృష్ణ వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. హనుమయ్య దంపతులు, మనవరాలు లిఖిత ముందు వరసలో ఉన్నారు. సాబిరా ఆడవాళ్ల మధ్య కూర్చుంది. భర్త ఏం చెప్పబోతున్నాడో ఆమెకి తెలియదు. శనివారం అన్నం సరిగా తినలేదని మాత్రం తెలుసు.

"దొంగ దొరికాడా?" అని ఎవరో అరిచారు.

సుభాని లేచాడు. "దొరికాడండి," అన్నాడు. మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాడు. "రేపల్లె నుంచి తెనాలి దాకా పట్టాల వెంట నడిపిస్తానన్నాను. ముప్పై మైళ్ల లోపే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నాయి, కాస్త నెమ్మదిగా నడుస్తాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు ఆయన అంతా చెప్పాడు. తడిసిన పెట్టె, లాంతరు, టేపు ముక్క, ఖాళీ డబ్బా, తడిసిపోయిందన్న అబద్ధం. ఒక్కటీ దాచలేదు. చివర వెనక వరస వైపు తిరిగి చేతులు జోడించాడు. "మోహనకృష్ణ గారూ, మీ వరండాలో నిలబడి మిమ్మల్ని అన్న మాటలన్నీ నావి. నా గురించే. సుభాని క్యాసెట్ చివరిదాకా ఉంటుందని ఇకమీదట ఎవరూ అనక్కర్లేదండి. ఎవరి డబ్బు వాళ్లకి తిరిగిచ్చేస్తాను."

మోహనకృష్ణ లేచాడు. "నాన్నగారు బతికున్నప్పుడు ఒక్కసారి ఆ పెట్టె తెరిచి చూసుకుని ఉంటే, ఈ తిట్లు మీకు ముప్పై అయిదేళ్ల కిందటే పడేవండి," అన్నాడు. "నాకు మిగిలిపోయాయి. తిట్టడం నాకు రాదండి." అని కూర్చున్నాడు. ఆ మాటకి ఎవరో నవ్వారు. నవ్వు వరసలు దాటింది.

"డబ్బెందుకు?" అంది కోటేశ్వరమ్మ. "మా చుట్టాలకి నలభై కావాలి. కానీ అన్నయ్యా, అట్ట మీద సరిగ్గా రాయండి."

ఆ అట్ట తర్వాత నిజంగానే మారింది: 'పన్నెండు భాగాలు, ఒక పెళ్లి.'

ఇంక అందరి కళ్లూ వసుంధర గారి మీద పడ్డాయి. టేపు పోతే పోయింది, అనసూయ టీచర్ ఎదురుగానే ఉంది. "మీరు చెప్పండమ్మా. బస్సెక్కారా, లేదా?" అని నలుగురూ అడిగారు.

వసుంధర గారు గొడుగు మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. ఏదో చెప్పబోయి ఆగారు. "చెప్పను," అన్నారు. "నేను కూరగాయలకి వెళ్లినా, బ్యాంకుకి వెళ్లినా, ఎవరో ఒకరు ఆపి ఈ ముక్క అడుగుతారు. ముప్పై అయిదేళ్లుగా. ఒక్కదాన్నే ఉంటా కదా, రోజుకి ఒక మనిషితో మాట్లాడటానికి అదొక్కటే నాకు మిగిలింది. చెప్పేస్తే రేపట్నుంచి నన్నెవరు ఆపుతారు?"

ఎవరూ మళ్లీ అడగలేదు. సాబిరా లేచి వెళ్లి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది. అడగడానికి కాదు. ఊరికే కూర్చుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నాలు తిన్నాక సుభానికి ఒళ్లంతా తేలిగ్గా ఉంది. పేరు పోయింది, బరువూ పోయింది. వక్కపొడి నోట్లో వేసుకుంటుంటే సాబిరా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒకటి అడుగుతా, చెబుతారా?"

"ఇవాళ ఏదడిగినా చెబుతాను."

"ఎవరి పెళ్లో మూడొందల ఇళ్లలో చూశారు. మన నిఖా కూడా మీకు కెమెరా పని నేర్పిన ఉస్తాద్ గారు వీడియో తీశారు కదా. నేను ఒక్కసారన్నా చూడలేదు. ఆ క్యాసెట్ ఏది?"

సుభాని నమలడం ఆపేశాడు. "ఉంది," అన్నాడు.

"ఉంటే వేయండి."

"అందులో మనం లేము, సాబిరా."

"మరేముంది?"

"క్రికెట్టు," అన్నాడు సుభాని. నిజం మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదని తోచి, "అదీ మనవాళ్లు ఓడిపోయింది," అని పూర్తి చేశాడు.